రాక్షస బొమ్మకు నీడ మలచడంలో రావాలా, కుంచెతో వేయాలా?

పనసచెక్క, బొబ్బిలి

సింహం ఒళ్లు, ఏనుగు తొండం, మొసలి తోక ఉన్న ఒక యాళిని (గుడి శిల్పాల్లో కనిపించే కల్పిత మృగం) బల్లమీది ఆట కోసం రెండున్నర అంగుళాల ఎత్తున సొంతంగా మలుస్తున్నాను. రాగి తీగతో లోపలి గూడు కట్టి, దాని మీద ఎం-సీల్ అనే ఎపాక్సీ ముద్దను (రెండు భాగాలు కలిపితే గట్టిపడేది) పొరలుగా పట్టిస్తున్నాను. రంగుల దశ ఇంకా రాలేదు కానీ, ఇలాంటి బొమ్మలకు రంగులు వేసేవారిలో ఎక్కువమంది మడతల్లో నలుపు, మిట్టల మీద తెలుపు పులమడం నాకు నచ్చడం లేదు. ఆకారాన్ని లోతుగా మలిస్తే నీడ దానంతటదే పడుతుంది. శ్రీముఖలింగం గుడి గోడల మీది శిల్పాలకు ఎవరూ నీడలు గీయలేదు. పొద్దు తిరిగేకొద్దీ వాటి నీడలూ తిరుగుతాయి. కుంచెతో వేసిన నీడ అలా తిరగదు కాబట్టి, బొమ్మను దీపం వైపు తిప్పగానే అది మరకలా కనిపిస్తుంది. మీరేమంటారు?

నాగావళి గట్టు, శ్రీకాకుళం

పనసచెక్క గారూ, గుడి గోడకు సూర్యుడు ఒక్కడే దీపం. మన ఇంట్లో ట్యూబులైటు వెలుగు సున్నం గోడల మీద పడి నాలుగు వైపుల నుంచీ తిరిగి వస్తుంది కాబట్టి, ఎంత లోతుగా మలిచినా నీడ పలుచబడిపోతుంది. పైగా ఆటగాళ్లు బొమ్మను ఎప్పుడూ పై నుంచే చూస్తారు. అందుకే నేను ముందు మొత్తం నల్ల ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేసి, ఆరాక పై నుంచి మాత్రమే తెల్ల ప్రైమర్ చల్లుతాను. తెలుపు పడినచోట వెలుగు, పడనిచోట నీడ అని బొమ్మే చెబుతుంది. దాని మీద నీళ్లలో బాగా పలుచన చేసిన అక్రిలిక్ రంగును పొరలుగా వేస్తే, కిందనున్న నలుపు తెలుపులు రంగులోంచి తొంగిచూస్తాయి. అయినా బొబ్బిలి వీణ చివరి యాళి ముఖాన్ని చెక్కి వదిలేయకుండా రంగులు దిద్దడం మీ ఊరివారికి తెలియని విషయమా?

కొలబద్ద, విజయనగరం

పనసచెక్క గారి వాదనకు ఎదురుగా, బొమ్మ చిన్నది కాబట్టి నీడ సరిగా పడదని కొందరు అంటుంటారు, అది సరికాదు. వెలుగు వచ్చే దిక్కులు ఒకటే అయితే, మీటరు వెడల్పు గుంటలో ఎంత చీకటి ఉంటుందో అదే ఆకారంలో మిల్లీమీటరు వెడల్పు గుంటలోనూ దాదాపు అంతే ఉంటుంది. తేడా చూసే కంటిలో ఉంది. మామూలు చూపు విడదీసి చూడగల కనీస కోణం సుమారు ఒక ఆర్క్ నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు), అంటే మీటరు దూరంలో దాదాపు 0.3 మిల్లీమీటర్లు. అంతకంటే సన్నని గాడిని మీరు చెక్కినా, నాగావళి గట్టు గారు గీసినా, బల్ల అవతల కూర్చున్నవారికి అది చుట్టుపక్కల రంగులో కలిసిపోతుంది. ఈ లెక్కన పొలుసులకు సూదితో గీతలు గీయడం ఇద్దరికీ వృథా శ్రమే. కడుపు, దవడ కింద, తొడల మధ్య లాంటి పెద్ద భాగాల్లో మాత్రం కుంచె నీడ పనికొస్తుంది, ఎందుకంటే ఇంటి వెలుగులో పలుచబడిపోయేది అక్కడి నీడే.

పనసచెక్క, బొబ్బిలి

కొలబద్ద గారి లెక్క నాకు బాగా ఉపయోగపడింది, కానీ దాన్ని బట్టి నేను కుంచె వైపు రాను, పొలుసులు పెద్దవి చేస్తాను. తోక మీద మిల్లీమీటరున్నర పొలుసులు వరుసకు తక్కువగా అద్దుతాను. ముద్ద సగం గట్టిపడ్డాక, పనిముట్టుకు కాస్త తడి చేసి నొక్కితే అంచులు పదునుగా నిలుస్తాయి. తాజా ముద్ద మీద నొక్కితే గాడి మళ్లీ పూడుకుపోతుంది. ప్రైమరూ రంగూ కలిసి గాడిని కొంత మూసేస్తాయి కాబట్టి కావాల్సినదానికంటే లోతుగానే నొక్కాలి. దవడ కింద ఒక్కచోట పలుచని గోధుమ రంగు పారనిస్తాను. అది నీడ కాదు, అక్కడ చర్మమే ముదురు రంగు అనుకోండి! చేతికి తొడుగు లేకుండా ఎపాక్సీ ముద్ద కలిపేవారికి ఒక మాట: కొందరికి దానివల్ల చర్మం ఎర్రబడి దురద మొదలవుతుంది, ఒకసారి మొదలైతే మళ్లీ మళ్లీ వస్తుంది.

నాగావళి గట్టు, శ్రీకాకుళం

చర్మమే ముదురు రంగని మీరు పేరు మార్చినా, వేసేది కుంచెతోనే కదండీ. దవడ సంగతి ఒప్పుకున్నారు కాబట్టి కడుపు సంగతి రంగులు వేసే రోజున మాట్లాడుకుందాం. ఒక్క విషయం ఇప్పుడే చెబుతాను. వానాకాలంలో మన తీర జిల్లాల గాలిలో తేమ ఎక్కువ, ఆ రోజుల్లో మాట్ (మెరుపు లేని) వార్నిష్‌ను స్ప్రేతో కొడితే పూత తెల్లగా మసకబారి, మీ లోతు గాడులూ నా నీడలూ రెండూ దాని కింద పోతాయి. నీళ్లతో పనిచేసే వార్నిష్‌ను కుంచెతోనే పలుచగా రెండు పూతలు వేయండి, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది.