ఏడొందల మంది ఊరికి బస్సు దండగేనా?

డిండి దారి:
మా ఊరు దేవరకొండ–డిండి రోడ్డు మీది స్టేజీ నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి. 2011 లెక్కల్లో జనాభా ఏడొందల చిల్లర. కరోనా ముందు దాకా రాత్రి ఊళ్లోనే ఆగే నైట్ హాల్ట్ బస్సు ఉండేది, పొద్దున ఆరింటికి బయల్దేరేది. ఆగిపోయింది, మళ్లీ రాలేదు. అడిగితే "అంత చిన్న ఊళ్లో ఎక్కేదెవరు?" అన్నారు. రోడ్డుకైతే ఒక లెక్క ఉంది: గ్రామ సడక్ యోజన 2000లో వచ్చినప్పుడే మైదాన ప్రాంతంలో 500 మంది ఉంటే చాలన్నారు. తారు రోడ్డు పడింది. దాని మీద బర్రెలు నడుస్తున్నాయి.

పాత వేబిల్లు:
నేను కండక్టర్‌గా రిటైరైనవాణ్ని. తిట్టుకున్నా సరే, ఉన్నమాట చెప్తా. పొద్దుటి ట్రిప్పు నిండేది, కాదనను. పదకొండు గంటల ట్రిప్పులో మాత్రం నలుగురు మనుషులు, ఒక మేకపిల్ల. మేకకు టికెట్ కొడితే ముసలమ్మతో పెద్ద పంచాయితీ. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఫ్రీ బస్సు, అదే మహాలక్ష్మి, మొదలైనప్పటి నుంచి మెయిన్ రోడ్డు మీద ఫుట్‌బోర్డు కూడా ఖాళీ ఉండట్లేదు. వాళ్లను నిలబెట్టి, రానుపోను ఎనిమిది కిలోమీటర్లు మీ ఊరికి తిరగాలా?

తండా పిల్ల:
సార్, ముందు ఆ ఏడొందలే తప్పు. 2011లో మనుషుల్ని లెక్కపెట్టింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. ఆ నెలలో మా దిక్కు ఊళ్లో ఎవరుంటారు? దసరా దాటగానే మేస్త్రీ వెంట పుణె, ముంబై పోతారు. ఆ ఇరవై రోజులూ ఊళ్లో లేనివాళ్లను ఎక్కడుంటే అక్కడే రాసుకుంటారు. అమ్మానాన్న కంకర పనికి పోయిన ఏడు మా ఇంట్లో నానమ్మ, మేం ముగ్గురం. మా వరసలో మిగతా ఇళ్లన్నీ తాళాలే. ఉగాదికి మూటలతో అందరూ దిగేది ఆ స్టేజీలోనే.

మూడు చక్రాలు:
నాది షేర్ ఆటో. ఫ్రీ బస్సు వచ్చినంక మెయిన్ రోడ్డు మీద గిరాకీ పోయింది. లోపలి ఊళ్లే మిగిలాయి. అవి కూడా బస్సుకిస్తే నా ఆటో కిస్తీ ఎవరు కడతారు? నిండేదాకా కదలడని తిడతారు గానీ, ఇద్దరితో పోతే డీజిల్ ఖర్చు కూడా రాదు.

డిండి దారి:
అన్నా, నీ మీద కోపం లేదు. మా చెల్లె దేవరకొండలో ఇంటర్. స్టేజీ నుంచి కాలేజీ దాకా జీరో టికెట్. ఊరి నుంచి స్టేజీకి నీ ఆటోలో ఇరవై. రానుపోను నలభై, నెలకు 24 రోజులకు 960 రూపాయలు. ఆడపిల్లలకు ప్రయాణం ఫ్రీ అన్నమాట మా ఊళ్లో స్టేజీ దాటాకే మొదలవుతుంది. ఈ లెక్కకే పక్కింటి పిల్లను టెన్త్‌తో మాన్పించారు.

పాత వేబిల్లు:
సరే, ఒకమాట. పదకొండు ట్రిప్పు అడగొద్దు, ఎవరూ ఇవ్వరు. నైట్ హాల్ట్ ఒక్కటి అడగండి. అది ఆగడానికి జనాభా ఒక్కటే కారణమనుకోకండి. మేం పంచాయతీ వరండాలో పడుకునేవాళ్లం. దోమలు సరే, పొద్దున్నే చెంబు పట్టుకుని చెట్ల చాటుకు పోవాలి. ఆ డ్యూటీ పడిందంటే డ్రైవర్లు సిక్ లీవ్ పెట్టేవాళ్లు. ఇది ఏ ఫైల్లోనూ ఉండదు.

డిండి దారి:
పంచాయతీలో గది ఖాళీగానే ఉంది, ఫ్యాన్ తిరుగుతుంది. బాత్రూమ్‌కు తలుపు లేదు. ఈ వారం పెట్టిస్తాం.

మూడు చక్రాలు:
పొద్దుటి బస్సు వరకైతే సరే. సంతరోజు సాయంత్రం గిరాకీ మాత్రం వదలను.

తండా పిల్ల:
తలుపు పెట్టించండి. అయినా దరఖాస్తులో మొదటి గడి జనాభాదే ఉంటుంది, చూస్కోండి. ఈసారి లెక్క 2027 ఫిబ్రవరిలోనట. అప్పుడు కూడా మా తండాకు తాళాలే.