జనం ఎక్కువై నీళ్లు తక్కువైనయా, వరి ఎక్కువైందా?

కృష్ణా_తీరం: ఎండాకాలం నల్లగొండ, పాలమూరు బోర్లు ఎండంగనే అందరూ తప్పంత వరిదే అంటరు. జనం పెరిగిండ్రు, నీళ్లు పెరగలే. గంతే.

గట్టు_రాయి: లెక్క చూడుండ్రి. మిషన్ భగీరథలో పల్లెకు మనిషికి రోజుకు 100 లీటర్లు, ఏడాదికి 36,500. యాసంగి వరికి 1,200 మిల్లీమీటర్లు కడితే ఎకరానికి 48 లక్షల లీటర్లు దాటుతది. 130 మంది ఏడాది వాడే నీళ్లు! ఇంక జనమంటరా, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ సంతాన సగటు 1.8. జనాభా నిలవాలంటేనే 2.1 కావాలె.

కృష్ణా_తీరం: ఆ 130 మంది బువ్వ తినరా? పైగా మడికి కట్టిన నీళ్లు సగం మళ్ల భూమిలకే ఇంకుతయి. మీ 48 లక్షలు దొంగ లెక్క.

బత్తాయి_తోట: నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఫ్లోరైడుతోని బోరు నీళ్లు తాగుడు బందయింది. తాగేది కృష్ణా నీళ్లు. బోర్లన్నీ పంటకే నడుస్తున్నయి కదా?

గట్టు_రాయి: సగం ఎక్కడిది? కేంద్రం 2015 భూగర్భజల అంచనా పద్ధతిలో బోరు వరికి తిరిగి ఇంకేది నీటిమట్టం 10 మీటర్ల లోపుంటే 45 శాతం, ఆడికెళ్లి లోతుకు పోయినకొద్ది తగ్గుకుంట, 25 మీటర్లు దాటితే 20. బోరెండే ఊళ్ల మట్టం ఎక్కడుంటదో మీకే ఎరుక. మన గ్రానైటు మీద నీళ్లు పట్టేది 20, 30 మీటర్ల మొరం పొరే, దాని కింద పగులు తగిలితే నీళ్లు, తగలకుంటే దుమ్ము. 700 మిల్లీమీటర్ల వానలో పదో వంతు ఇంకితే ఎకరానికి 2.8 లక్షల లీటర్లు. 20 శాతం తిరిగొచ్చినా, ఒక్క ఎకరం మడికి పదమూడు ఎకరాల వాన చాలది.

మూసీ_కాల్వ: 2.8 ఎట్లొచ్చె?

గట్టు_రాయి: ఎకరం 4,047 చదరపు మీటర్లు × ఇంకేది 0.07 మీటర్లు. ఘనపు మీటరుకు వెయ్యి లీటర్లు.

పొలం_పని: కొట్లాడేటోళ్లు కొట్లాడుండ్రి. వరికి నీళ్లు తక్కువ కట్టాలంటే, అడుగు పొడుగు పీవీసీ పైపుకు కింది సగం బెజ్జాలు పెట్టి, ఆ సగం మడిల పాతి, లోపలి మన్ను తియ్యాలె. నాటేసిన రెండు వారాలకు మొదలు: పైపుల నీళ్లు మడి మన్నుకంటే 15 సెంటీమీటర్లు కిందికి దిగినంకనే మళ్ల కట్టుడు. పూతకు వారం ముందు, వారం వెనుక మాత్రం 5 సెంటీమీటర్లు నిలవాలె, లేకుంటే తాలు. జిగట మన్నుల బెజ్జాలు మూసుకుంటే పైపు అబద్ధం చెప్తది, గుడ్డ చుట్టుండ్రి. మోటరుకు కరెంటు రాంగనే దానంతటదే నడిపే ఆటో స్టార్టరుంటే ఇదంతా దండుగ.

కృష్ణా_తీరం: ఆటో స్టార్టరు పీకితే అర్ధరాత్రి మోటరు కాడికి మీరు పోతరా సార్? పల్లి పెడితే అడవిపందులు, కంది పెడితే కొనేటోడు లేడు. వడ్లయితే మహిళా సంఘాల ఐకేపీ కొనుగోలు కేంద్రంల కాంటా అయితది. పల్లి పెట్టి అప్పుల పడ్డోనికి చెప్పుండ్రి మీ లీటర్లు!

గట్టు_రాయి: మరి మొదలే ధర సంగతి అనొచ్చు కదా. నడుమ జనాభా ఎందుకొచ్చింది?

రెండెకరాల_చెల్క: ఇద్దరూ బోరున్నోళ్ల ముచ్చటే చెప్తున్నరు. 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు, అదీ మోటరున్నోనికే. ఒకడు 600 అడుగులు దించితే పక్కోని 200 అడుగుల బోరు ఎండుతది. నీళ్లు, భూమి, చెట్లు కాపాడే వాల్టా చట్టం 2002 నుంచి ఉన్నది, బోరు బండి వచ్చినప్పుడు అనుమతి కాయితం అడిగినోడు ఎవడన్న?

కృష్ణా_తీరం: నా పట్టా భూమి, నా బోరు. ఎవని అనుమతి?

రెండెకరాల_చెల్క: అయితే అన్నా, మీ బోర్లు ఎన్ని, లోతెంత, మోటరు ఎన్ని హెచ్‌పీ, రోజుకు ఎన్ని గంటలు నడుస్తది, ఇక్కడనే రాయి. చుట్టూ ఎన్ని ఎకరాల వాన గుంజుతున్నవో గట్టు_రాయి సారే కడుతడు.