సీరియల్లో ఉద్యోగమా, కాపురమా: రాజీనామా లేకుండా నడిపేదెలా?

ప్రశ్న: డైలీ సీరియల్‌కి ట్రాక్ (కొన్ని ఎపిసోడ్లు నడిచే కథ) రాస్తున్నా. హీరోయిన్‌ది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇప్పుడు ఏడో నెల గర్భిణి. టీమ్ లీడ్‌గా ప్రమోషనొచ్చింది, అత్తగారు మానేయమంటోంది. ఎటు తిప్పినా రాజీనామా దగ్గరే ఆగుతోంది.

జవాబు 1: అంత తొందరేమిటండీ? ప్రసూతి సెలవుల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాలు జీతంతో సెలవుంది, కాన్పుకి ముందు 8 వారాల దాకా వాడుకోవచ్చు. ఆ సెలవులో ఉద్యోగం తీసేయడం చట్టవిరుద్ధం. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం) ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూడొచ్చు. కాబట్టి అసలు చిక్కు సెలవు అయిపోయాకే మొదలవుతుంది. కథ అక్కడ పెట్టండి.

జవాబు 2: ఆఫీసు సీన్లంటే లొకేషన్ అద్దె, జూనియర్ ఆర్టిస్టుల ఖర్చు. అందుకే సీరియల్లో ఉద్యోగమంటే ఫోన్ మాట్లాడటమే! ఆఫీసునే ఇంటి సెట్‌లోకి తెచ్చేయండి. రాత్రి ఎనిమిదికి క్లయింట్ కాల్, డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్, కుక్కర్ విజిల్ వేయగానే ఆమె వేలు మ్యూట్ మీదకెళ్తుంది. డైలాగే అక్కర్లేదు.

జవాబు 3: అత్తగారిని విలన్ చేస్తే వారానికే ట్రాక్ చప్పబడుతుంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, పసిబిడ్డని ఎత్తుకోలేనేమోనని భయం. ఆ భయం చాలు. ఇక భర్తని ‘నువ్వెన్ని రోజులు సెలవు పెడతావ్?’ అని అడిగే సీన్ తప్పకుండా రాయండి, మన సీరియల్స్‌లో ఆ ప్రశ్న మహా అరుదు.