అప్‌డేట్: నత్తిని ఒప్పుకుంటే బాగుపడాలన్న పట్టుదల పోతుందా?

నత్తి నాలో భాగమేనని ఒప్పేసుకుంటే, మాట మెరుగుపరుచుకోవాలన్న పట్టుదల సడలిపోతుందేమో అని అప్పట్లో అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. మీలో చాలామంది చెప్పినట్టే స్పీచ్ థెరపిస్టును కలిశాను.

ఆవిడ ముందు దాచడం మానేయమన్నారు. ఇప్పుడు మీటింగ్ మొదట్లోనే "నాకు నత్తి ఉంది, కాస్త టైమ్ తీసుకుంటాను" అని చెప్పేస్తున్నాను. ఇదివరకు "ప్రాజెక్ట్" అనాల్సి వస్తే "మనం చేస్తున్నది" అంటూ దాటేసేవాణ్ణి. ఇప్పుడు ఆ 'ప్ర' దగ్గర పెదాలు బిగుసుకుంటే ఆగి, బిగువు వదిలి, అదే మాట మెల్లగా మళ్లీ అంటున్నాను. కావాలనే నత్తిగా పలికే సాధన కూడా ఉంది. అన్నిటికన్నా కష్టం అదే, నాకు భయం తగ్గించిందీ అదే.

పట్టుదల ఏమీ పోలేదు. నిజానికి సాధన ఇప్పుడే ఇష్టంగా చేస్తున్నాను. 2012లో బ్రైన్స్, చెన్ అనే పరిశోధకుల ప్రయోగంలోనూ, పరీక్ష సరిగా రాయలేకపోయాక తమ మీద తాము దయ చూపుకున్నవాళ్లే మరుసటి పరీక్షకు ఎక్కువసేపు చదివారు.

ఫోన్‌లో మాత్రం ఇంకా ఇబ్బందిగానే ఉంది. ఆ భయం దాటినవాళ్లుంటే ఎలా దాటారో కాస్త వివరంగా చెప్పండి.