అప్‌డేట్: ‘ఇష్టమైతేనే ఓటీ (ఓవర్‌టైం)’ అన్న మా ప్లాంటు సంగతి

పోయిన నెల అడిగింది నేనే. నెల్లూరు దగ్గర రొయ్యల ప్లాంటులో గ్రేడింగ్ పని నాది, అంటే రొయ్యల్ని సైజుల వారీగా వేరుచేయడం. ఓటీ ఇష్టమైతేనే అంటూ, ఉండనన్న వాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తున్నారు, ఏం చేయాలి అని అడిగాను.

మీరు చెప్పినట్టే మా పాప పాత నోటుబుక్కులో రోజూ వచ్చిన టైము, వెళ్లిన టైము రాశాను. ఒక వారం కూడితే 61 గంటలు! చట్టం ప్రకారం 48 దాటితే రెట్టింపు కూలి ఇవ్వాలి. మాకిచ్చింది మామూలు రేటు, సాయంత్రం ఒక సమోసా. (అదీ చల్లారిపోయింది.)

నలుగురం ఆడవాళ్లం ఆ పుస్తకం పట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్లాం. “మనమంతా ఒకింటోళ్లం గదమ్మా, ఇదేంది లెక్కలు?” అన్నాడు. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు రాసిన అర్జీ చూపించాక మాట తగ్గించాడు. మర్నాటికి బోర్డు మీద పేర్లు తుడిచేశారు.

పాత బకాయి ఇంకా రాలేదు. నన్ను మాత్రం గ్రేడింగ్ నుంచి వలిచే టేబుల్‌కి మార్చారు. ఐసు నీళ్లకి వేళ్లు తిమ్మిరెక్కి, రాత్రి అన్నం కలపడం కూడా కష్టంగా ఉంది. కక్షేనని నా అనుమానం. అర్జీ సోమవారం ఇచ్చేస్తున్నాం.