లారీని ‘సంయోజనం’ చేస్తారా, బిగిస్తారా?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిగిలిపోయిన మిలిటరీ లారీలు జనం రవాణాకు ఎలా మళ్ళాయో చెప్పే వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నానండీ. విడిభాగాలు కలిపి బండి తయారుచెయ్యడమనే అర్థంలో ‘అసెంబ్లీ’ వచ్చినచోటల్లా ‘సంయోజనం’ అని రాసుకుంటూ పోతున్నాను. విశాఖవాళ్ళు ఏమంటారు?

జవాబు: గాజువాక ఆటోనగర్ మెకానిక్ షెడ్లలో ఆ మాటంటే కెమిస్ట్రీ మాస్టారు వచ్చారనుకుంటారు. అక్కడ ఇంజినైనా గేర్‌బాక్సైనా ‘బిగించడమే’.

అసలు చిక్కు వేరే ఉంది. మీరు ఒకే మాట కింద రెండు పనులు కలిపేస్తున్నారు. కెనడాలో ఫోర్డ్, షెవర్లే చేసిన మిలిటరీ లారీలు నాలుగు లక్షల పైమాటే. ఓడలో చోటు కలిసొస్తుందని చాలావాటిని విడిభాగాలుగా పెట్టెల్లో పంపి, దిగినచోట బిగించేవారు. బొంబాయిలో జనరల్ మోటార్స్‌కి 1928 నుంచే అలాంటి కార్ఖానా ఉండేది. ఇది బిగింపు.

యుద్ధం అయ్యాక డిస్పోజల్స్‌లో, అంటే సైన్యం అక్కర్లేదని అమ్మేసినప్పుడు, కొన్న బండి సంగతి అలా కాదు. వెనకున్న మిలిటరీ తొట్టి తీసేసి, ఛాసీ (బండి అడుగుభాగం) మీద చెక్కతో కొత్తది లేపాలి. దాన్ని ‘బాడీ కట్టడం’ అంటారు, ఇల్లు కట్టినట్టే. చేసేది వడ్రంగి కదా మరి! ఇవాళ్టికీ లారీ కొన్నాయన ‘ఛాసీ వచ్చింది, బాడీ కట్టిస్తన్నాం’ అనే అంటాడు.

ఇంకొకరు: ‘బిగించడం’ అంటే నట్టు టైట్ చెయ్యడం అనుకోరా?

జవాబు: ‘విప్పి బిగించారు’ అని జంటగా వాడండి, అనుకోరు.

మరొకరు: ఆ కెనడా బళ్ళవి చప్పిడి ముక్కులు. ఇంజిను క్యాబిన్‌లోకి చొచ్చుకొచ్చి, డ్రైవరు కాళ్ళ దగ్గర పెడళ్ళన్నీ ఇరుకిరుగ్గా ఉండేవి. చివరి రకానికి ముందద్దం అడుగుభాగం లోపలికి వాలి ఉంటుంది, ఎండకి తళుక్కుమని పైన విమానం కంట పడకుండా. బియ్యం బస్తాలు మోసే బండికి ఆ జాగ్రత్తతో పనేంటో! మీ వ్యాసంలో ‘చప్పిడి ముక్కు లారీ’ అనే రాయండి, బండి కళ్ళకు కడుతుంది.

ప్రశ్న అడిగినవారు: బావుందండీ. మరి ఛాసీ, గేర్‌బాక్సు?

జవాబు: ఛాసీని ‘చట్రం’ అనుకోండి, గొడవలేదు. గేర్‌బాక్సు జోలికి మాత్రం వెళ్ళకండి.