అప్‌డేట్: తమ్ముడితో ఇంట్లో వాడే సైగలు చాలవని తెలిసింది

నాలుగు నెలల క్రితం అడిగాను: పుట్టుకతో వినికిడి లేని తమ్ముడితో ఇరవై ఏళ్లుగా సైగలతో మాట్లాడుతున్నాను, సైగల భాష దుభాషిగా పనిచేయవచ్చా అని. ముందు బధిరుల దగ్గరే నేర్చుకోమని చాలామంది చెప్పారు. మీ మాట విన్నందుకు ఎంత మేలు జరిగిందో!

ప్రతి ఆదివారం గుంటూరు నుంచి విజయవాడకు, ఒక బధిర ఉపాధ్యాయురాలి దగ్గరికి వెళ్తున్నాను. మొదటి రోజు "మందు వేసుకున్నావా?" అని అడగమన్నారు. చేతులు సరిగానే కదిపాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, నా కనుబొమ్మలను వేలితో పైకి నెట్టారు. అవి లేవకపోతే అది ప్రశ్న కాదు, "వేసుకున్నావు" అని చెప్పినట్లే! ఆసుపత్రిలో డాక్టరు పది మాటలు చెబితే తమ్ముడికి రెండే చెప్పి ఊరుకున్న రోజులు గుర్తొచ్చాయి. అక్కగా అది ప్రేమే అనుకున్నాను. దుభాషికి అలా కుదించే హక్కు లేదు.

కొద్ది వారాల సర్టిఫికెట్టుతో ఉద్యోగం ఖాయమన్న ఒక సంస్థకు డబ్బు కట్టలేదు. వైకల్య రంగంలోని కోర్సులకు గుర్తింపునిచ్చే భారతీయ పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తింపు ఉన్న దుభాషి డిప్లొమా రెండేళ్లు. 2015లో ఢిల్లీలో ఏర్పాటైన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం కూడా దాన్ని నడుపుతోంది. దానికే దరఖాస్తు చేస్తాను.

మొన్న మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు చెప్పిందంతా చెప్పాను. తమ్ముడు మొదటిసారి తన ప్రశ్నలు తానే అడిగాడు.